విశాఖ వీధుల్లో పండుటాకుల ఫొటోలు తీయడం ఎలా?

అక్టోబరు రాగానే ఎక్కడెక్కడి దేశాల ఎర్రటి అడవులూ మన ఫోనుల్లోకి వచ్చి పడతాయి. ఆ మోజులో కెమెరా భుజాన వేసుకుని విశాఖలో బయలుదేరితే, వానకు కడిగిన పచ్చదనంతో చెట్లన్నీ నిండుగా నిలబడి ఉంటాయి. పైగా అవి మనకు తుపానుల రోజులు. 2014 అక్టోబరు 12, ఆదివారం నాడు హుద్‌హుద్ ఒక్క పూటలో ఊళ్లో ఆకులన్నీ దులిపేసింది. ఆ ఆకురాలుడును అందంగా ఫొటో తీయాలని మాత్రం ఎవరికీ అనిపించి ఉండదు.

మన ఆకురాలు కాలం శిశిరం. మాఘ ఫాల్గుణాలు, అంటే దాదాపు జనవరి చివరి నుంచి మార్చి దాకా. చలి దేశాల్లో చెట్టు రాబోయే మంచుకు జడిసి ఆకు రాలిస్తే, ఇక్కడ నీటి పొదుపు కోసం రాలుస్తుంది. వానలు వెనక్కుపోయి నేల ఎండుతుంది. ఆకు ఉంటే దాని గుండా నీరు ఆవిరైపోతూనే ఉంటుంది కాబట్టి చెట్టు దాన్ని వదిలించుకుంటుంది. వదిలించుకునే ముందు ఆకులోని పత్రహరితాన్ని విరిచి పనికొచ్చే సరుకును లోపలికి లాక్కుంటుంది. అప్పటిదాకా పచ్చదనం చాటున ఉన్న పసుపు బయటపడుతుంది. కొన్ని చెట్లు ఆ దశలో కొత్తగా ఎరుపు రంగును తయారుచేస్తాయి కూడా.

ఈ స్థితికి తెలుగులో ఉన్న మాట పండుటాకు. కాయ పండినట్టే ఆకూ పండుతుందన్న మాట. ఫొటో తీసేవారికి ఈ మాటే సగం దారి చూపిస్తుంది. ఒక చెట్టు కాయలన్నీ ఒకేరోజు పండవు కదా, మన చెట్ల ఆకులూ అంతే. కొండంతా ఒకేసారి ఎర్రబడే దృశ్యం ఇక్కడ దొరకదు. ఒక కొమ్మకు నాలుగు ఆకులు, ఒక్కొక్కటి ఒక్కో రంగులో దొరుకుతాయి. కాబట్టి మీరు వెతకాల్సింది అడవిని కాదు, ఆకును.

ముందు చెట్టును చూసిపెట్టుకోండి

కెమెరా లేకుండా ఒకసారి మీ పేట అంతా తిరగండి. మొదట చూడవలసింది బాదం చెట్టు. అంగట్లో కొనే బాదంపప్పు చెట్టు కాదు. చిన్నప్పుడు రాయితో కాయలు పగలగొట్టి లోపలి సన్నని పప్పు తీసుకుని తిన్నామే, ఆ నాటు బాదం. ఉప్పుగాలిని తట్టుకుంటుంది కాబట్టి సముద్రం ఒడ్డు ఊళ్లలో బాగా పెరుగుతుంది. గొడుగులు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు కొమ్మలు అంతస్తులుగా సాగుతాయి. ఆకు జానెడు పొడవుంటుంది. పండినప్పుడు ఇటుక ఎరుపు, రాగి రంగు, నారింజ, పసుపు అన్నీ ఒకే ఆకులో కనబడతాయి. మన ఊరి శిశిరానికి రంగు తెచ్చేది ఈ చెట్టే. మిగతావన్నీ దాని తర్వాతే.

ఆ మిగతావాటిలో రావి చెట్టుది వేరే తీరు. రాలేటప్పుడు వట్టి పసుపే, కానీ వెనువెంటనే వచ్చే లేతాకులు రాగి గులాబీ రంగులో, నూనె రాసినట్టు మెరుస్తాయి. ఫొటోలో చూసినవారు అది రాలే ఆకో పుట్టే ఆకో చెప్పలేరు. వేప ఉగాదికి కాస్త ముందు సన్నని పసుపు ఆకులను రాల్చి ఎర్రటి చిగురు తొడుగుతుంది. మామిడి చిగురు సంగతి చెప్పనక్కరలేదు. టేకు ఆకు రంగుకు పనికిరాదు గానీ పురుగు తిని ఈనెలు మాత్రం మిగిల్చిన ఆకు దొరికితే వదలకండి, అది వల నేసినట్టు ఉంటుంది. మోదుగ, బూరుగు చెట్లు ఆకులన్నీ దులుపుకుని ఎర్రటి పూలతో నిలబడేదీ ఫిబ్రవరి, మార్చి నెలల్లోనే. ఊరి అంచుల్లో, కొండ వాలుల్లో చూడండి.

చెట్టు దొరికాక మూడు సంగతులు గుర్తుపెట్టుకోండి. చేతికందే ఎత్తులో కొమ్మ ఉందా? దాని వెనక ఏముంది? ఉదయపు ఎండ ఏ పక్క నుంచి పడుతుంది? చూడడానికి ఎంత గొప్ప చెట్టయినా వెనక కరెంటు తీగలు, ట్రాన్స్‌ఫార్మరు, ఫ్లెక్సీ ఉంటే ప్రాణం విసిగిపోతుంది. రెండు వీధుల అవతల ప్రహరీ గోడ మీదికి వాలిన బక్క చెట్టే మేలు.

మొదటిసారికి ఒక దారి చెప్పమంటే నేను చెప్పేది ఇది. తెల్లవారేసరికి ఆర్కే బీచ్‌లో ఉండి, అక్కడి నుంచి చినవాల్తేరు వీధుల్లోకి ఎక్కి, ఆంధ్ర విశ్వవిద్యాలయం వైపు నడవండి. 1926లో పుట్టిన విశ్వవిద్యాలయం అది. పాత కట్టడాలు, వాటి పక్కన ముదురు చెట్లు ఉంటాయి. గేటు దగ్గర కాపలావారిని అడిగి వెళ్లండి. అడిగితే సాధారణంగా కాదనరు, అడగకుండా పెద్ద కెమెరా బయటికి తీస్తేనే ప్రశ్నలు మొదలవుతాయి.

ఏ వేళకు వెళ్లాలి

ఉదయమే. ఇందులో బేరం లేదు. ఫిబ్రవరి మధ్యలో విశాఖలో సూర్యోదయం ఆరుంపావు దాటాక, దాదాపు 6:25 ప్రాంతంలో అవుతుంది. అప్పటి నుంచి ఎనిమిదింటి దాకా వెలుగు మెత్తగా, పక్క నుంచి వస్తుంది. ఆ వేళ గాలి కూడా నిలకడగా ఉంటుంది. పొద్దెక్కి నేల వేడెక్కాక సముద్రపు గాలి లేస్తుంది. బాదం ఆకుకు కాడ పొట్టి, రేకు పెద్ద. చిన్న గాలికే చెవి ఆడించినట్టు ఆడుతుంది. పదింటికి వెళ్లి ఆకును దగ్గరగా తీయబోతే పది ఫొటోలకు ఒకటి నిలిస్తే గొప్ప.

ఇంకో కారణం కూడా ఉంది. వీధులు ఊడ్చేవారు పెందలాడే వచ్చేస్తారు. రాత్రంతా రాలిన ఆకుల తివాచీ చీపురు పడేదాకానే. ఒకసారి నేను మోకాళ్ల మీద కూర్చుని ఫ్రేము సర్దుకుంటూ ఉంటే చీపురు చప్పుడు దగ్గరకు వచ్చి ఆగింది.

"ఏం పడిపోయింది బాబూ?"

"ఏమీ లేదమ్మా, ఈ ఆకులను ఫొటో తీస్తున్నాను. ఒక్క ఐదు నిమిషాలు ఆగుతారా?"

ఆమె ఆకుల వైపు, నా వైపు చూసి, "అయితే ఆ పక్కవి ముందు ఊడ్చుకొస్తాను, ఈ చెట్టు కిందివి చివర చేస్తాను" అంది. చెప్పిన మాట ప్రకారమే చేసింది. అడగండి, అంతే. వాళ్ల పనికి అడ్డం పడకుండా అడగండి.

సాయంత్రం మన ఊళ్లో కాస్త మోసం చేస్తుంది. పడమటి వైపు కొండలు ఉండడంతో సూర్యుడు అస్తమించే సమయానికి ముందే చాలా పేటల్లో వెలుగు తప్పుకుంటుంది. గడియారం చూసుకుని ఐదున్నరకు వెళితే నీడే మిగులుతుంది. నాలుగున్నరకే అక్కడ ఉండండి.

సంచిలో ఏమేమి

ఫోను చాలు. ఉంటే కెమెరా, దానికి 50 మిల్లీమీటర్ల లెన్సు. ఒక మెత్తటి నూలు గుడ్డ తప్పనిసరి. బీచ్ రోడ్డులో పావుగంట నడిస్తే లెన్సు మీద కంటికి కనపడని ఉప్పు పొర చేరుతుంది. ఒక ఉదయమంతా నేను తీసిన ఫొటోలన్నీ పాలపొర కప్పినట్టు వచ్చాయి. మంచు అనుకుని మురిసిపోయాను కూడా. ఇంటికి వచ్చి అద్దం తుడిస్తే తెలిసింది అసలు సంగతి. ప్రతి చెట్టు దగ్గరా ఒకసారి తుడవండి. ముందు నోటితో ఊది, ఇసుక రేణువులు ఎగిరిపోయాక తుడవండి, లేకపోతే గీతలు పడతాయి.

ఇంకా ఒక తెల్ల కాగితం, ఒక నల్ల గొడుగు. ఈ రెండింటి పని ఏమిటో కింద చెబుతాను.

ఎండ ఆకు వెనక ఉండాలి

నేర్చుకోవలసిన ముఖ్యమైన పని ఇదొక్కటే అనుకోండి. చాలామంది సూర్యుణ్ణి వీపు వెనక పెట్టుకుని ఆకు మీద ఎండ పడేలా తీస్తారు. అప్పుడు ఆకు పై మెరుపు కనబడుతుంది, రంగు కనబడదు. బాదం ఆకు పై భాగం నున్నగా ఉంటుంది కాబట్టి ఎండను అద్దంలా తిప్పికొడుతుంది. చెట్టును మీకూ సూర్యుడికీ మధ్య ఉంచండి. వెలుగు ఆకులోంచి దూరి మీ వైపు రావాలి.

బీచ్ రోడ్డు వెంట ఇది సులువు. మన తీరం ఆగ్నేయానికి తిరిగి ఉంది. పొద్దున సముద్రం మీదుగా ఎండ వస్తుంది. కాబట్టి చెట్టుకు ఊరి వైపున నిలబడి సముద్రం వైపు చూస్తూ తీయండి.

ఇప్పుడు చేయవలసినవి వరసగా చెబుతాను.

ఒకే ఒక ఆకును ఎంచుకోండి. పూర్తిగా పండినది కాదు, సగం పండినది. సూర్యుడు సరిగ్గా ఆకు వెనకకు వచ్చేదాకా మీరు అటూ ఇటూ జరగండి. అరడుగు తేడాలో ఆకు ఉన్నట్టుండి దీపంలా వెలుగుతుంది, అక్కడ ఆగండి. ఫోను తెర మీద ఆకును వేలితో తాకండి, ఫోకస్ అక్కడ కుదురుతుంది. పక్కనే కనబడే చిన్న సూర్యుడి గుర్తును కిందికి జరపండి. వెలుగు తగ్గి వెనక భాగం నల్లబడుతుంది, ఆకు రంగు చిక్కబడుతుంది. ఊపిరి బిగపట్టి నాలుగైదు ఫొటోలు వరసగా తీయండి.

మొన్న జనవరిలో మా వీధి చివరి బాదం చెట్టుకు అలాంటి ఆకు ఒకటి దొరికింది. నడి ఈనె నిమ్మపండు పసుపు. దాని నుంచి రెండు పక్కలకూ విడిపోయే ఈనెల వెంట ఇంకా పచ్చదనం సన్నని కాలువల్లా పారుతోంది. కాలువల మధ్య మడులన్నీ ఎర్రబడిపోయాయి. అంచు దగ్గర పురుగు కొరికిన చిల్లు ఒకటి ఉంది. కాస్త తల వంచి చూసేసరికి ఆ చిల్లులోంచి సూర్యుడు చుక్కలా మెరిశాడు. పైనుంచి చూసినప్పుడు అది వట్టి మచ్చల ఆకు. చిల్లులున్న ఆకును తీసిపారేయకండి, మచ్చలేని ఆకు ఫొటోలో ప్లాస్టిక్ ఆకులా ఉంటుంది.

మరీ దగ్గరకు వెళ్లకండి. ఫోను ప్రధాన కెమెరాకు జానెడు దూరం లోపల ఫోకస్ తప్పుతుంది. అడుగు వెనక్కు వేసి రెండు రెట్లు జూమ్ చేస్తే ఆకు ఆకారం సాగిపోకుండా సహజంగా వస్తుంది. చౌక ఫోనుల్లో దగ్గరి ఫొటోల కోసమని అదనంగా పెట్టే చిన్న లెన్సును నేను నమ్మను. అది లెక్కకు ఉంటుంది, పనికి ఉండదు. వెనక భాగాన్ని మసకబార్చే పోర్ట్రెయిట్ పద్ధతి కూడా ఆకుల దగ్గర తికమకపడి, కాడను సగంలో తెంపేస్తుంది. కెమెరా ఉన్నవారు ఒక్క ఆకుకు లెన్సు రంధ్రాన్ని (అపర్చరును) బాగా తెరిచి ఎఫ్/2.8 ప్రాంతంలో పెట్టుకుంటే వెనకది తనంతట తానే మెత్తబడుతుంది.

గాలికి ఆకు ఊగుతుంటే షట్టరు వేగం, అంటే కెమెరా వెలుగును లోపలికి రానిచ్చే సమయం, 1/500 సెకను కంటే నెమ్మదిగా పెట్టవద్దు. రాలుతున్న ఆకును గాలిలో పట్టాలంటే 1/1000 కావాలి, అంతకు మించి ఓపిక కావాలి. ఆకు కదలకుండా పట్టుకోమని తోడు వచ్చినవారికి చెప్పేముందు కొమ్మను ఒకసారి పరికించి చూడండి. ఎర్రచీమల గూడు ఉంటే ఫొటో సంగతి దేవుడెరుగు, చేయి కాపాడుకోవడమే పని.

ఎరుపు ఎందుకు ముద్దగా వస్తుంది

కంటికి అంత బాగున్న ఎర్రాకు ఫోనులో సిందూరం ముద్దలా వచ్చిందంటే తప్పు మీది కాదు. కెమెరా ఎరుపు, ఆకుపచ్చ, నీలాలను వేరువేరుగా కొలుస్తుంది. వెలుగు మొత్తం మీద సరిపోయిందని అది అనుకునేసరికి ఎరుపు ఒక్కటే పొంగిపోయి, ఈనెల వివరం అంతా అందులో మునిగిపోతుంది. అందుకే వెలుగును అర మెట్టు తగ్గించి తీయమనేది. కాస్త చీకటిగా వచ్చినదాన్ని ఇంట్లో వెలిగించుకోవచ్చు, పొంగిపోయిన ఎరుపును తిరిగి తేలేం.

రెండో చిక్కు రంగు సమతూకం. దృశ్యంలో ఎరుపు, పసుపు ఎక్కువగా ఉంటే ఫోను దాన్ని దీపపు వెలుగు అనుకుని నీలం కలిపి చల్లబరుస్తుంది. కెమెరా అమరికల్లో వైట్ బ్యాలెన్స్‌ను ఆటో నుంచి పగటి వెలుగుకు మార్చండి. ఆ గుర్తు దాదాపు అన్నిటిలోనూ సూర్యుడి బొమ్మే. ఫోనులో ఆ వీలు ప్రో అనే విభాగంలో ఉంటుంది.

ఆకు మీద తెల్లటి తళుకు తగ్గాలంటే పోలరైజర్ అనే ఫిల్టరు వాడతారు. అది లేకపోతే పోలరైజ్డ్ చలువ కళ్లద్దాలను ఫోను లెన్సుకు అడ్డుపెట్టి మెల్లగా తిప్పి చూడండి. ఒక చోట తళుకు మాయమై అడుగున రంగు తేలుతుంది.

రాలిన ఆకులు

కింద పడ్డవాటిలో మొదటి పని ఏరడం. ఒక మంచి ఆకు, దాని చుట్టూ సాధారణమైనవి. అన్నీ మంచివైతే చూపు ఎక్కడా నిలవదు. సర్దుబాటు చేయడం దొంగతనమేమీ కాదు గానీ వరసగా పేర్చకండి, రాలిన ఆకు ఎప్పుడూ వరసలో పడదు. నేను చేసేది ఒకటే. ఆకును రొమ్ము ఎత్తు నుంచి వదిలేసి, పడినచోటే తీస్తాను.

ఎండ నేరుగా పడి సగం వెలుగు, సగం నీడగా ఉంటే నల్ల గొడుగు పట్టి మొత్తం నీడ చేయండి. ఆ నీడలో ఆకు ఒక పక్క చీకటిగా ఉంటే తెల్ల కాగితాన్ని ఆ వైపు వంచి పట్టండి, వెలుగు తిరిగి పడుతుంది. ఇంత చిన్న పనికి ఇంత తేడా వస్తుందా అని చేసి చూసేదాకా నమ్మరు.

దేని మీద పెట్టామన్నదీ ముఖ్యమే. ఎర్రమట్టి దిబ్బల దగ్గర ఎర్రాకు పెడితే రెండూ కలిసిపోతాయి. అక్కడ ఎండిన జీడిమామిడి ఆకు, దాని పొడవాటి నీడ బాగుంటాయి. తెన్నేటి పార్కు కింద తడిసిన రాళ్ల మీద బాదం ఆకు పెట్టి చూడండి, నలుపు మీద ఎరుపు అలా నిలబడుతుంది. అయితే అలలకు వీపు చూపించి వంగవద్దు. మన తీరం అలకు ముందూ వెనకా చెప్పే అలవాటు లేదు. ఆకు కొట్టుకుపోతే ఇంకోటి దొరుకుతుంది.

దృశ్యం పెద్దదైతే

కైలాసగిరి మీదికి ఉదయం వెళితే నైరుతి వైపు తీరపు వంపు, ఊరు, దూరంగా డాల్ఫిన్స్ నోస్ కొండ కనబడతాయి. ఎండ ఎడమ చేతి వైపు నుంచి వస్తుంది. అందరూ తీసే ఫొటోనే అది. దాన్ని మీది చేయాలంటే ముందు భాగంలో ఒక పండిన కొమ్మను పెట్టండి. కొమ్మ ఫ్రేములో మూడో వంతుకు మించకూడదు. కెమెరా అయితే లెన్సు రంధ్రం ఎఫ్/8కి చిన్నది చేసి, వెలుగును పట్టే సున్నితత్వాన్ని చెప్పే ఐఎస్ఓను 100 దగ్గర పెట్టండి. ఫోను అయితే బాగా విశాలంగా చూపే లెన్సు వద్దు, అది దూరపు కొండను చీమ తలంత చేస్తుంది.

శీతకాలం ఉదయాల్లో ఊరి మీద పలచటి పొగమంచు ఉంటుంది. దాన్ని తిట్టుకోకండి. రెండు మూడు రెట్లు జూమ్ చేసి కొండల వరసలను తీస్తే ఒకదాని వెనక ఒకటి పలచబడుతూ పోతాయి. కంబాలకొండ అడవి దారుల్లో ఆ వెలుగు ఇంకా బాగుంటుంది. అక్కడ కొమ్మలు విరచవద్దు, దారి దిగవద్దు. తొట్లకొండ మీద బౌద్ధ స్తూపాల శిథిలాలు, వాటి వెనక సముద్రం, మధ్యలో ఆకు లేని ఒక చెట్టు దొరికితే ఆ ఉదయానికి అది చాలు.

ఒక హెచ్చరిక. ఇది తూర్పు నౌకాదళ కేంద్రం ఉన్న ఊరు. ఫొటోలు నిషేధమన్న బోర్డు ఎక్కడ కనబడినా కెమెరా సంచిలో పెట్టేయండి, చెట్టును తీస్తున్నానంటే వినరు. అనుమతి లేకుండా డ్రోను ఎగరవేసే ఆలోచనే వద్దు.

ఇంటికి వచ్చాక

తీసినవాటిలో పదికి తొమ్మిది తీసేయండి. మిగిలినదాన్ని కాస్త కత్తిరించి, నలుపులు కొద్దిగా దించి, మెరుపులు తగ్గించండి. రంగుల గాఢత పెంచే మీటను ముట్టుకోకపోతే మంచిది. మన ఆకు ఎరుపులో కొంచెం గోధుమ, కొంచెం మట్టి కలిసి ఉంటాయి. మీట జరిపారంటే అవి పోయి పెళ్లిపందిరి కాగితపు పువ్వులా తయారవుతుంది.

ఒక రావి ఆకును తెచ్చి నీళ్ల గిన్నెలో వేసి ఉంచండి. కొన్ని వారాలకు కండ కుళ్లి ఊడిపోయి వల మిగులుతుంది. రోజూ నీళ్లు మార్చకపోతే ఇంట్లోవాళ్లు గిన్నెతో సహా బయట పెడతారు. ఆ వలను కిటికీ అద్దానికి ఆనించి తీస్తే ఇల్లు కదలకుండానే ఒక పూట గడుస్తుంది.

ఇక చివరి పని. ఒకే చెట్టును ఒకే చోటు నుంచి వారానికోసారి తీయండి. డిసెంబరు చివర మొదలుపెట్టి ఉగాది దాకా తీస్తే పచ్చ, పసుపు, ఎరుపు, మోడు, మళ్లీ చిగురు అన్నీ వరసగా వస్తాయి. నిలబడే చోటు మారకుండా నేను ఎదురింటి గోడ మీద సుద్దతో చిన్న గీత గీసుకున్నాను. రెండో వారం ఆ ఇంటావిడ బయటికి వచ్చి ఆ గీత ఏమిటని నిలదీశారు. చెప్పాను. ఫోనులో రెండు ఫొటోలు పక్కపక్కన పెట్టి చూపించాను. ఇప్పుడు నేను వెళ్లడం ఆలస్యమైతే ఆవిడే గోడ మీది నుంచి "ఏమండీ, పై కొమ్మ ఎర్రబడి మూడు రోజులైంది" అని కేకేస్తున్నారు.